హోమ్ కన్సోల్ ఏ ఊళ్లో పెట్టాలి?

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోళ్లలో గేమ్ షేరింగ్ మీద తెలుగులో, హిందీలో, ఒడియాలో వీడియోలు బోలెడు. అన్నిట్లోనూ ఒకటే చిట్కా: "నీ అకౌంటు వాడి కన్సోల్‌లో హోమ్‌గా పెట్టు, వాడి అకౌంటు నీ కన్సోల్‌లో హోమ్‌గా పెట్టుకో. ఒకడు కొంటే ఇద్దరూ ఆడొచ్చు." ఇది అబద్ధమేమీ కాదు. హైదరాబాదులో ఫైబర్ కనెక్షనున్న ఇద్దరు స్నేహితులకి భేషుగ్గా పనిచేస్తుంది. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్నవాళ్లకి, రాయగడ దాటి కోరాపుట్ కొండలెక్కినవాళ్లకి మాత్రం నేను ఈ ఏర్పాటు చచ్చినా చెప్పను. ఎందుకో తెలియాలంటే లైసెన్సు ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

డిజిటల్‌గా కొన్న ఆటకి, ప్లేస్టేషన్ అయినా ఎక్స్‌బాక్స్ అయినా, రెండు అనుమతులుంటాయి. ఒకటి మనిషికి, ఇంకోటి పెట్టెకి. కొన్న మనిషి ఏ కన్సోల్‌లోనైనా తన అకౌంటుతో లాగిన్ అయి ఆడుకోవచ్చు, కాకపోతే నెట్ ఉండి తీరాలి. పెట్టెకిచ్చే అనుమతి ఒక్క కన్సోల్‌కే దక్కుతుంది. అందులో ఎవరి ప్రొఫైల్‌తో ఆడినా ఆట తెరుచుకుంటుంది, నెట్ అక్కర్లేదు. దీన్నే పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో ప్రైమరీ అన్నారు, పీఎస్5లో 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అన్నారు, ఎక్స్‌బాక్స్‌లో 'హోమ్ ఎక్స్‌బాక్స్' అంటున్నారు. ఇక్కడ అన్నిటినీ హోమ్ అనే అంటాను.

ఇప్పుడు ఆ చిట్కా సంగతి చూడండి. మీ హోమ్ స్నేహితుడి ఇంట్లో ఉంది. మీ ఇంట్లో మీ దగ్గర మిగిలింది మనిషి అనుమతి ఒక్కటే. నెట్ పోయిందంటే మీ డబ్బుతో, మీ అకౌంటులో, మీ కన్సోల్‌లోకి దించుకున్న ఆట పక్కన తాళం గుర్తు వచ్చి కూర్చుంటుంది. స్నేహితుడు కొన్న ఆటలు మాత్రం శుభ్రంగా తెరుచుకుంటాయి. అవతలి ఊళ్లోనూ ఇదే తంతు, తిరగేసి.

మన వైపు నెట్ పోవడానికి తుఫానే రానక్కర్లేదు, రోడ్డు పక్కన కాలువ తవ్వే జేసీబీ చాలు. తుఫాను వచ్చిందంటే ఇక చెప్పేదేముంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల మీద విరుచుకుపడింది. అలాంటప్పుడు ఇన్వర్టరో జనరేటరో పెట్టుకుని టీవీ వెలిగించుకోవచ్చు గాని, తెగిపోయిన ఫైబరూ పడిపోయిన టవరూ మన చేతిలో లేవు. బడులకి సెలవులిచ్చి పిల్లలు ఇంట్లో ఉండేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

కాబట్టి ఎదురుబదురు మార్పిడి వద్దు, ఒకవైపు షేరింగ్ చాలు. బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో మామూలుగా కనబడే పరిస్థితే తీసుకుందాం. అన్న విశాఖలో చదువుకో ఉద్యోగానికో ఉంటాడు, తమ్ముడు ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంటాడు. ఇద్దరి దగ్గరా కన్సోల్ ఉంది. ఆటలన్నీ అన్న అకౌంటులోనే కొనండి. అన్న అకౌంటుకి హోమ్‌గా మాత్రం ఊళ్లోని కన్సోల్ పెట్టండి. అన్నకి విశాఖలో నెట్ ఎలాగూ ఉంటుంది, మనిషి అనుమతితో ఆడుకుంటాడు. తమ్ముడు తన ప్రొఫైల్‌తో నెట్ ఉన్నా లేకపోయినా ఆడుకుంటాడు. ఇద్దరూ ఒకే ఆట ఒకేసారి ఆడినా అడ్డు లేదు. హోమ్ పెట్టాల్సింది ఆట కొన్నవాడి దగ్గర కాదు, నెట్ బలహీనంగా ఉన్న ఊళ్లో.

పీఎస్5లో ఒక మెలిక ఉంది. ఒక అకౌంటుతో మొట్టమొదట లాగిన్ అయిన పీఎస్5లో ఈ షేరింగ్ దానంతటదే ఆన్ అయిపోతుంది. అంటే అన్న విశాఖలో కన్సోల్ కొని లాగిన్ అయిన రోజునే హోమ్ అక్కడ పడిపోయింది. ముందు విశాఖ కన్సోల్‌లో సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్, కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అనే వరసలో వెళ్లి డిసేబుల్ నొక్కాలి. తర్వాత ఊళ్లోని కన్సోల్‌లో అన్న అకౌంటుతో లాగిన్ అయి, అదే చోట ఎనేబుల్ నొక్కాలి. పీఎస్4 అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్ మేనేజ్‌మెంట్, అందులో 'యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ పీఎస్4'. ఎక్స్‌బాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, పర్సనలైజేషన్, 'మై హోమ్ ఎక్స్‌బాక్స్'. ఈ పని చేసేటప్పుడు మాత్రం నెట్ కావాలి. పాస్‌వర్డు ఫోన్లో చెప్పుకోవడం కన్నా దసరాకో సంక్రాంతికో ఊరొచ్చినప్పుడు అన్నే తన చేత్తో చేసుకోవడం మేలు. టూ-స్టెప్ వెరిఫికేషన్ కోడ్ వచ్చేది అతని ఫోన్‌కే కదా.

ఒక అకౌంటుకి ఒక పీఎస్4, ఒక పీఎస్5 విడివిడిగా హోమ్‌గా ఉండొచ్చు. అన్న కొత్త పీఎస్5 కొనుక్కుని పాత పీఎస్4 ఊళ్లో వదిలేసి ఉంటే అసలు గొడవే లేదు, రెండూ హోమే. ఊళ్లో ఆడేవి పీఎస్4 వెర్షన్లయి ఉండాలంతే.

పెట్టాక పరీక్షించండి, చాలామంది ఎగ్గొట్టేది ఇదే. ఆట పూర్తిగా డౌన్‌లోడ్ అయ్యాక, అన్న ప్రొఫైల్‌తో కాకుండా తమ్ముడి ప్రొఫైల్‌తో ఒకసారి తెరవండి. తర్వాత కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆపి, రౌటర్ ప్లగ్ పీకేసి, మళ్లీ ఆన్ చేసి తమ్ముడి ప్రొఫైల్‌తోనే తెరవండి. తెరుచుకుందా, ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టు. తాళం గుర్తు వచ్చిందా, నెట్ పెట్టి పీఎస్5లో అదే 'అదర్' కింద ఉండే 'రిస్టోర్ లైసెన్సెస్' నొక్కండి. పీఎస్4లో ఇది అకౌంట్ మేనేజ్‌మెంట్ కింద ఉంటుంది. అప్పటికీ రాకపోతే హోమ్ ఇంకెక్కడో ఉన్నట్టే లెక్క.

తమ్ముడు తన ప్రొఫైల్‌తోనే ఆడాలని ఊరికే అనడం లేదు. ఊళ్లో కన్సోల్‌లో అన్న ప్రొఫైల్ ఉంది కదా అని దాంతోనే ఆడుకుంటూ పోతే, విశాఖలో అన్న ఆట మధ్యలో బయటికి వచ్చి పడతాడు. ఒకే అకౌంటు రెండు పీఎస్5లలో ఒకేసారి నడవదు. సేవ్ ఫైళ్లు కూడా కలగాపులగం అవుతాయి: క్లౌడ్‌లో, అంటే కంపెనీ సర్వర్లలో, ఉన్న కొత్త సేవ్ మీద కన్సోల్‌లోని పాతది ఎక్కిందంటే నలభై గంటల ఆట గంగలో కలిసినట్టే.

అన్నీ పంచుకోగలమనుకోకండి. అన్నకి ప్లేస్టేషన్ వాళ్ల పీఎస్ ప్లస్ చందా ఉంటే హోమ్ కన్సోల్‌లో తమ్ముడికి ఆన్‌లైన్ మల్టీప్లేయర్ దొరుకుతుంది, నెలనెలా ఇచ్చే ఆటలూ దొరుకుతాయి. క్లౌడ్‌లో సేవ్‌లు దాచుకునే సౌకర్యం మాత్రం చందా కట్టిన అకౌంటుకే. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ చందా కూడా హోమ్ కన్సోల్‌లో అందరికీ వర్తిస్తుంది. ఆటలో కొనే నాణేలు, పాయింట్లు ఎవరు కొంటే వాళ్లవే. డిస్కు ఒక దేశానిది, దానికి డీఎల్‌సీ (ఆటకి విడిగా కొనే అదనపు భాగం) కొన్న అకౌంటు ఇంకో దేశానిది అయితే ఆ డీఎల్‌సీ డిస్కుకి కలవకపోవచ్చు. దుబాయ్ లాంటి చోట్ల నుంచి తెచ్చిన డిస్కులతో ఈ తిప్పలు ఎక్కువ. కొనేముందు అట్ట మీద రీజియన్ చూసుకోవాలి.

ఇక డౌన్‌లోడ్. పెద్ద ఆట 100 జీబీ ఉంటుందనుకుందాం. 50 ఎంబీపీఎస్ లైను నిలకడగా ఉంటే నాలుగున్నర గంటల పని. ఫోన్ హాట్‌స్పాట్‌లో రోజుకి 2 జీబీ ప్యాకే దిక్కయితే యాభై రోజులు. ఎక్స్‌బాక్స్ వాడేవాళ్లకి దీనికో దారుంది: 128 జీబీకి తగ్గని యూఎస్‌బీ 3.0 హార్డ్ డ్రైవ్ విశాఖలో కన్సోల్‌కి పెట్టి ఆట అందులోకి మార్చుకుని, ఊళ్లో కన్సోల్‌కి తగిలిస్తే ఆ ఆట కనబడుతుంది. కొత్త ఎక్స్‌బాక్స్‌లైన సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ కోసం చేసిన ఆటలు ఆ డ్రైవ్ మీద నుంచి నడవవు, లోపలి స్టోరేజీలోకి మార్చుకోవాలి. ఎక్స్‌బాక్స్ వన్ ఆటలు డ్రైవ్ మీదే నడుస్తాయి. డ్రైవ్ మోసుకొచ్చేది ఆట ఫైళ్లనే సుమా, లైసెన్సుని కాదు. హోమ్ సరిగ్గా పెట్టి ఉంటేనే తెరుచుకుంటుంది.

ఇంతకీ ఈ పద్ధతి న్యాయమైనదేనా? కంపెనీలు పిసినారులు, పంచుకోనివ్వరు అని అందరూ తిట్టేదే. నా ఫిర్యాదు వేరు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ పద్ధతిలో ఒక్క కాపీతో ఇద్దరు ఒకేసారి ఆడొచ్చు. డిస్కుకి ఆ సుఖం ఎప్పుడూ లేదు, ఒకరి కన్సోల్‌లో ఉంటే రెండోవాళ్లు గోళ్లు గిల్లుకోవాల్సిందే. ఆ లెక్కన వీళ్లు డిస్కు కన్నా ఎక్కువే ఇస్తున్నారు. కాని ఆ ఎక్కువకి బదులుగా ఇద్దరిలో ఒకరిని ఎప్పటికీ నెట్‌కి కట్టేస్తున్నారు. ఇద్దరికిచ్చి ఒకరిని కట్టెయ్యడం కన్నా, ఒక్కరికే ఇచ్చి వదిలెయ్యడం మంచిది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లు నెట్ లేకుండా ఆడుకోవాలి, వాళ్లు ఇచ్చేస్తే రెండోవాళ్లు ఆడుకోవాలి. డిస్కు చేసే పని అదే. డిజిటల్‌లో అది చెయ్యడం సాంకేతికంగా కష్టం కాదని నింటెండో చూపించింది కూడా.

2025 ఏప్రిల్ చివర్లో, తన స్విచ్ కన్సోల్‌కి ఇచ్చిన 20.0.0 అప్‌డేట్‌తో నింటెండో 'వర్చువల్ గేమ్ కార్డ్' తెచ్చింది. డిజిటల్ ఆట ఒక కార్డులా కనబడుతుంది. ఒక స్విచ్ నుంచి తీసి రెండో స్విచ్‌లో పెట్టొచ్చు. తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ నెట్ కావాలి, పెట్టేశాక అక్కర్లేదు. పెట్టిన స్విచ్‌లో ఇంట్లో ఎవరైనా ఆడుకోవచ్చు. ఎనిమిదిమంది దాకా ఉండే ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకరికి ఒకసారికి ఒక ఆట చొప్పున 14 రోజులకి అరువివ్వొచ్చు. గడువు తీరగానే దానంతటదే తిరిగొస్తుంది. అరువు పుచ్చుకున్నవాడు "రేపిస్తా, ఎల్లుండిస్తా" అనే బెడద లేదు.

ఇంత బాగా ఆలోచించి కూడా ఒక చోట చెడగొట్టారు. అరువివ్వాలంటే రెండు కన్సోళ్లూ లోకల్ వైర్‌లెస్‌లో, అంటే ఒకే గదిలో పక్కపక్కన ఉండాలి. బరంపురంలో మీరూ ఇచ్ఛాపురంలో మేనత్త కొడుకూ అయితే రైల్లో వెళ్లి ఇచ్చి రావాలన్నమాట. ముక్కూమొహం తెలియనివాళ్లు నెట్‌లో అరువుల దుకాణం పెట్టకుండా ఈ అడ్డు వేశారని ఊహించడం కష్టం కాదు. ఆ భయానికి ఫ్యామిలీ గ్రూప్ పరిమితీ పద్నాలుగు రోజుల గడువూ సరిపోవా? వీటి మీద గది హద్దు కూడా ఎందుకో నాకు అంతుపట్టదు.

ఈ అడ్డుకి ఒక దొడ్డిదారి ఉంది, అదీ నిబంధనల లోపలే. అరువు ఊసెత్తకుండా, అన్న నింటెండో అకౌంటునే రెండు స్విచ్‌లలోనూ పెట్టండి. ఒక అకౌంటు కార్డులు రెండు కన్సోళ్ల మధ్య తిరగొచ్చు. ఆ రెండింటినీ జత చెయ్యడానికి మొదటిసారి మాత్రమే పక్కపక్కన ఉండాలి. బరంపురంలో ఠాకురాణీ యాత్రకి అందరూ ఊళ్లో చేరినప్పుడు అది కానిచ్చేస్తే, తర్వాత విశాఖలో కార్డు తీసి ఊళ్లో పెట్టడానికి నెట్ ఒక్కటి చాలు. పద్నాలుగు రోజుల గడువు కూడా ఉండదు. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు, ఇక్కడ తిరిగే స్విచ్‌లన్నీ దిగుమతి సరుకే. రిపేరు వస్తే వారంటీ సంగతి దేవుడెరుగు. అది తెలిసి కొనుక్కున్నవాళ్లకే ఈ మాట.

స్విచ్ 2తో వచ్చిన గేమ్-కీ కార్డులు ఇంకో రకం. చేతికి కార్డే వస్తుంది, లోపల ఆట ఉండదు. పెట్టాక మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడేటప్పుడు మళ్లీ కార్డు పెట్టే ఉంచాలి. చేతులు మారుతుంది, అమ్ముకోవచ్చు కూడా. డౌన్‌లోడ్ బాధా కార్డు బాధా రెండూ నెత్తినపడ్డా, చేతులు మారే గుణం ఉంది కాబట్టి నేను దీన్ని పూర్తిగా తీసిపారెయ్యను.

కంపెనీలు గీత ఎక్కడ గీస్తాయన్నది మొదటినుంచీ బేరమే. పీఎస్3 రోజుల్లో ఒకసారి కొన్న ఆట అయిదు కన్సోళ్లలో ఆడొచ్చు. 2011 నవంబరులో ప్లేస్టేషన్ చేసే సోనీ దాన్ని రెండుకి కుదించింది. అయిదుగురు ముక్కూమొహం తెలియనివాళ్లు చందాలేసుకుని ఒక ఆట కొనే గుంపులు అప్పటికే పుట్టుకొచ్చాయి మరి. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌కి ఒక పథకం చెప్పింది: ఇంటివాళ్లు పదిమంది దాకా ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చు, కాని కన్సోల్ 24 గంటలకోసారి నెట్‌లో హాజరు వేయించుకోవాలి, వేరే కన్సోల్‌లో ఆడితే గంటకోసారి. జనం భగ్గుమన్నారు. కొద్ది రోజులకే సోనీ, పీఎస్4లో ఆట పంచుకోవడం ఎలాగో చూపిస్తూ ఒకాయన ఇంకొకాయన చేతిలో డిస్కు పెట్టే బుల్లి వీడియో వదిలి పరువు తీసింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ పథకం మొత్తం వెనక్కి తీసుకుంది. హాజరుతో పాటు పదిమంది ఇంటివాళ్ల షేరింగ్ కూడా పోయింది. హాజరు వారానికోసారో నెలకోసారో చెయ్యమని బేరమాడి ఉంటే ఈపాటికి మన ఇళ్లకి సరిపోయేదేదో మిగిలేదని నా అనుమానం.

చట్టం మనకి పెద్దగా ఆసరా కాదు. కొన్న డిస్కు స్నేహితుడికి ఊరికే ఇస్తే అడిగేవాడు లేడు. డబ్బు పుచ్చుకుని అద్దెకివ్వడం మాత్రం, 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో హక్కుదారు చేతిలో ఉంది. డిజిటల్‌లో అయితే మనం కొన్నది ఆట కాదు, వాడుకునే అనుమతి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఈ ముక్క కొనేటప్పుడే స్పష్టంగా చెప్పాలని చట్టం ఉంది. చెప్పినంత మాత్రాన అనుమతి ఆస్తి అయిపోదు, కాని ₹5,000 దరిదాపుల్లో పెట్టేవాడికి ఏం చేతికొస్తుందో ముందే తెలియడం కనీస మర్యాద.

డిజిటల్ ఆట చేతులు మారదు కాబట్టి ఆ ఖాళీలోకి అకౌంట్లమ్మేవాళ్లు దూరారు. టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో "ప్రైమరీ ఇంత, సెకండరీ ఇంత" అని రేట్లు పెడతారు. ప్రైమరీ అంటే వాళ్ల అకౌంటుకి హోమ్‌గా మీ కన్సోల్, మీరు మీ ప్రొఫైల్‌తో ఆడతారు. సెకండరీ అంటే వాళ్ల అకౌంటులోకే లాగిన్ అయి, నెట్ పెట్టుకుని ఆడాలి. అది చవక. మన ఊళ్ల నెట్‌కి సెకండరీ దండగ అని వేరే చెప్పక్కర్లేదు. ప్రైమరీ కూడా నమ్మదగింది కాదు. అకౌంటు యజమాని ఆరు నెలలకోసారి ప్లేస్టేషన్ వెబ్‌సైటు నుంచి అన్ని కన్సోళ్లనీ ఒక్క దెబ్బతో డీయాక్టివేట్ చెయ్యగలడు, అదే ప్రైమరీ ఇంకొకరికి అమ్ముకోగలడు. ఆరు నెలలు బాగానే ఆడింది కదా అని మీరు నిమ్మళంగా ఉన్నప్పుడే తాళం పడుతుంది. అకౌంట్ల అమ్మకం కంపెనీ నిబంధనలకి విరుద్ధం, ఇక మీరు ఫిర్యాదు చేసేది ఎవరికి? ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ డిస్కు కొనండి. ఆడేశాక అమ్ముకుంటే సగం పైన వెనక్కి వస్తుంది.

అందుకే ఊళ్లో పెట్టే కన్సోల్‌కి డిస్కు డ్రైవ్ ఉండాలంటాను. సిరీస్ ఎస్, పీఎస్5 డిజిటల్ ఎడిషన్ ధర చూసి నోరూరుతుంది గాని, వాటిలో అరువుకీ అమ్మకానికీ దారి పూర్తిగా మూసుకుపోతుంది. పీఎస్5 స్లిమ్ డిజిటల్ ఎడిషన్‌కి మాత్రం డ్రైవ్ తర్వాత కొని తగిలించుకోవచ్చు. దాన్ని కన్సోల్‌తో జత చెయ్యడానికి మొదటిసారి నెట్ కావాలని గుర్తుంచుకోండి, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున డబ్బా విప్పకండి.

పాత పీఎస్4ని ఊరికి పంపేవాళ్లు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 9.00 గాని అంతకన్నా కొత్తది గాని ఉందో లేదో చూసుకోండి. మదర్‌బోర్డు మీద గడియారం కోసం సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో అది చచ్చిపోయి నెట్ కూడా లేకపోతే టైము తెలియక, డిస్కు పెట్టినా ఆట తెరుచుకునేది కాదు. 2021లో 9.00తో దాన్ని సరిదిద్దారు.

కన్సోల్ అమ్మేటప్పుడు ముందు హోమ్ తీసెయ్యండి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. అది మరిచిపోయి అమ్మేస్తే హోమ్ కొన్నవాడి ఇంట్లో ఉండిపోతుంది. ప్లేస్టేషన్ అయితే వెబ్‌సైటు నుంచి అన్నిటినీ ఒకేసారి తీసెయ్యొచ్చు గాని అది ఆరు నెలలకోసారే, ఈమధ్యే వాడేసి ఉంటే గడువు తీరేదాకా ఆగాలి. ఎక్స్‌బాక్స్‌లో హోమ్ మార్పులు ఏడాదికి అయిదే. సెలవులకి వచ్చిన ప్రతిసారీ అటూ ఇటూ మారుస్తూ పోతే దసరాకే కోటా అయిపోతుంది.